పియానో రిపేరు నేర్పాలి, మొదటి పుస్తకం ఏది పెట్టమంటారు?

తీగల_శీను (సికింద్రాబాద్)
అందరికీ నమస్తే. నేను మొదట్నుంచీ హార్మోనియం రిపేరు వాణ్ణి, పదకొండేళ్లుగా పియానోలు కూడా చూస్తున్నాను. ఇక్కడ ఒక చర్చి హాల్లో పాత అప్‌రైట్ (నిలువు) పియానో మూలన పడి ఉంటే బాగు చేసి ఇచ్చాను. అది చూసి, శనివారాలు మా పిల్లలకి ఈ పని నేర్పరాదా అన్నారు హాలు వాళ్లు. ఆరుగురు వచ్చారు. ఇద్దరు ఇంటర్ పిల్లలు, ఒకతను ఏసీ మెకానిక్, ఒకమ్మాయి కీబోర్డు వాయిస్తుంది, మిగతా ఇద్దరు ఊరికే చూద్దామని వచ్చి ఆగిపోయారు. పుస్తకాలకి ఆరు వేలు ఇస్తామన్నారు. నేనేమో చేత్తో నేర్చుకున్నవాణ్ణి, పుస్తకం ముందు పెట్టుకుని ఎప్పుడూ నేర్చుకోలేదు. మంచిది ఒక్కటే కొని అందరితో చదివించాలా, లేక చిన్నవి రెండు మూడు కొనాలా? అందరికీ ఇంగ్లీషు అంతంత మాత్రమే, అది ముందే చెప్తున్నా.

డల్లాస్_రావు
శీను గారూ, ఇందులో ఆలోచించడానికేం లేదు, ఆర్థర్ రెబ్లిట్జ్ పుస్తకం తెప్పించండి. మొదట 1976లో వచ్చింది, తర్వాత 1993లో మళ్లీ పెంచి వేశారు. సర్వీసింగ్, ట్యూనింగ్, రీబిల్డింగ్ మూడూ ఒకే చోట ఉంటాయి, బొమ్మలు బాగుంటాయి. ఇక్కడ ఈ పనిలోకి వచ్చేవాళ్లకి ఎవరిని అడిగినా ముందు ఆ పేరే చెప్తారు. నేను ఇక్కడి పియానో టెక్నీషియన్స్ గిల్డ్ (రిపేరు చేసేవాళ్ల సంఘం) పరీక్షలకి దాంతోనే చదువుతున్నా. రాత పరీక్ష ఒకటి, ట్యూనింగ్ ఒకటి, రిపేరు పని ఒకటి, మొత్తం మూడు. రాతది గట్టెక్కింది, ట్యూనింగ్ అంటేనే టెన్షన్. ఇంకా లోతుగా కావాలంటే మారియో ఇగ్రెక్ రాసిన పియానోస్ ఇన్‌సైడ్ అవుట్ ఉంది, 2013లో వచ్చింది, కానీ అది బాగా లావు పుస్తకం, మీ ఆరు వేలలో రెండూ రావు.

విశాఖ_తంత్రి
రావు గారూ, మంచి పుస్తకమే, కాదనను. నా దగ్గరా ఉంది, అట్ట ఊడిపోతే టేపు వేసి వాడుకుంటున్నా. కాకపోతే శీను గారు తన కోసం అడగలేదు కదండీ, ఇంగ్లీషు సరిగ్గా రాని ఆరుగురి కోసం అడిగారు. నేను ఇంతకు ముందు ముగ్గురికి నేర్పాను. అదే పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టించాను, ట్యూనింగ్ లెక్కల దగ్గరికి రాగానే ఇద్దరు మానేశారు. ఒకడికి మెకానిక్ చెయ్యి అద్భుతంగా ఉండేది. ఇప్పుడు బైకు షోరూంలో పని చేస్తున్నాడు, కనిపించినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

అందుకని ఇప్పుడైతే నేను పుస్తకాన్ని ముందు నుంచి వెనక్కి చదివించను. మొదట మెకానిజం అధ్యాయం బొమ్మలు, ఆ తర్వాత చిన్న చిన్న రిపేర్లు, ఆ తర్వాత రెగ్యులేషన్, అంటే మెట్లూ సుత్తులూ సరిగ్గా కదిలేలా కొలతలు సరిచెయ్యడం. ట్యూనింగ్ అన్నిటికన్నా చివర. మనకి ఫోన్లు వచ్చేది కూడా అదే వరసలో కదా. "శ్రుతి తప్పింది" అని పిలిచేవాళ్లకన్నా "అమ్మా, మెట్టు కిందికి పోయి పైకి రావట్లేదు" అని పిలిచేవాళ్లే ఎక్కువ, మా విశాఖలో అయితే జూన్ నుంచి నవంబరు దాకా ఇదే గోల.

కొత్తచెవి
ఆంటీ, మెట్టు పైకి రాకపోవడం ఎందుకొస్తుంది? మా ఇంట్లో పియానోకి మధ్యలో నాలుగు మెట్లు అలాగే ఉన్నాయి. నాన్న కుట్టుమిషన్ నూనె వేశారు, రెండు రోజులు బాగానే ఉంది, మళ్లీ అంతే.

విశాఖ_తంత్రి
అయ్యో, నూనె వద్దమ్మా! ఇంకోసారి పొరపాటున కూడా వేయించకు. అది ఫెల్ట్‌లోకీ చెక్కలోకీ ఇంకిపోతుంది, దుమ్ము పట్టి జిగురైపోతుంది, ఆ తర్వాత ఎవరొచ్చినా ముందు ఆ నూనెతోనే యుద్ధం చెయ్యాలి.

చూడు, ఇరుక్కున్న మెట్టుని వేలితో పైకెత్తి వదులు, దానంతటదే జారిందా లేదా. జారకపోతే గొడవ మెట్టులోనే ఉంది. ముందువైపు అడుగున చిన్న గాడి ఉంటుంది, దాని లోపల రెండు పక్కలా ఎర్ర బట్ట లాంటి ఫెల్ట్ అతికించి ఉంటుంది, అందులోంచి ఇనప పిన్ను పోతుంది. గాలిలో తేమ పెరిగితే చెక్కా ఉబ్బుతుంది, ఫెల్టూ ఉబ్బుతుంది, పిన్నుని పట్టేస్తుంది. మెట్టుని అటూ ఇటూ ఊపితే వెంట్రుకవాసి కదలాలి, అస్సలు కదలకపోతే బిగిసినట్టే. దానికి ప్రత్యేకంగా పట్టకారు ఉంటుంది, దాంతో ఆ ఫెల్ట్‌ని మెల్లగా నొక్కితే చాలు. అలా కాకుండా మెట్టు బాగానే జారి, సుత్తి మాత్రం బద్ధకంగా వెనక్కి వస్తుంటే, అప్పుడు తప్పు పైన సుత్తి తిరిగే సన్న పిన్ను దగ్గర ఉంది. అది వేరే పని, దాని జోలికి నువ్వు పోకు.

శీను గారూ, చూశారా, ఈ ఒక్క ప్రశ్నలోనే మొదటి రెండు శనివారాల పాఠం ఉంది. దీనికి పుస్తకంలో రెండు బొమ్మలు చాలు.

తీగల_శీను
నూనె సంగతి నాకు ఎదురు కాని నెల లేదు మేడం. ఒకింట్లో కొబ్బరినూనె.

పాత_ఫెల్ట్ (చెన్నై)
నేను రిటైరై ఏడేళ్లయింది, ఈ చర్చ చూసి చేతులు ఊరుకోలేదు. అమెరికా పుస్తకాల గురించి ఒక్క మాట. వాటిలో తప్పేం లేదు, కానీ అవి చలికాలం ఇంట్లో హీటరు పెట్టుకునే దేశంలో రాసినవి. తేమ తగ్గి సౌండ్‌బోర్డు (తీగల మోతని పెంచే పెద్ద చెక్క పలక) ఎండి పగలడం, తీగలు చుట్టిన పిన్నులు వదులవడం, వాళ్ల భయం అదీ. మన భయాలు వేరు. తుప్పు, చెదలు, ఫెల్ట్ తినే పురుగు, ఎలుక. ముఖ్యంగా ఎలుక. పెడల్ పక్కనుంచి దూరి, మెట్ల కింద పచ్చ ఫెల్ట్ పీకి గూడు కట్టుకుంటుంది, దాని మూత్రంతో కింద పిన్నులన్నీ తుప్పు పడతాయి. ఒక స్కూల్లో అడుగు పలక తీస్తే ఏడు పిల్లలు బయటికొచ్చాయి. దీనికి మీకు ఏ పుస్తకంలోనూ అధ్యాయం దొరకదు, మీరే రాసుకోవాలి.

ఇంకోటి. మీ చర్చిలో ఉన్నది పాత బ్రిటిష్ పియానో అయితే ముందు పలక తీసి చూడండి. సుత్తుల ముందు నిలువుగా సన్న తీగల వరస, పంజరం లాగా ఉందా? డ్యాంపర్లు (తీగ మోత ఆపేవి) సుత్తుల పైన ఉంటాయి వాటిలో. బర్డ్‌కేజ్ అంటారు. మన దేశంలో పాతవి ఇలాంటివి చాలా దొరుకుతాయి, నేను చూసిన అమెరికా పుస్తకాల్లో వాటికి పెద్దగా చోటు లేదు. పిల్లలు పుస్తకంలో బొమ్మ ఒకటి చూసి, ఎదుట ఇంకొకటి చూసి కంగారు పడిపోతారు. ట్యూన్ చేసేటప్పుడు పక్క తీగ మోగకుండా పెట్టే రబ్బరు మ్యూట్ కూడా ఆ తీగల మధ్య దూరదు, పట్టకారులా చీలిన పాప్స్ మ్యూట్ కావాలి.

తీగల_శీను
పెద్దాయనా, మీరు సరిగ్గా పట్టుకున్నారు, మాది పంజరమే! అదృష్టం కొద్దీ పక్క హాల్లో మామూలు అప్‌రైట్ ఇంకొకటి ఉంది, దాంతో మొదలుపెడతా. ఇంకో సంగతి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పాత పుస్తకం ఒకటి ఎవరో పంపారు, క్రీ ఫిషర్ అని, 1907ది. డబ్బు మిగులుతుంది కదా అని ఆశ. పనికొస్తుందా?

డల్లాస్_రావు
కాపీరైట్ ఎప్పుడో పోయింది కాబట్టి అచ్చు తీసి పంచినా ఎవరూ ఏమీ అనరు. భాష తేలిగ్గానే ఉంటుంది, ఉత్తరాలతో పాఠం చెప్పినట్టు రాశాడు. కానీ జాగ్రత్త అండీ, ఆ రోజుల్లో అమెరికాలో 'ఏ' (A) అనే స్వరానికి సెకనుకి 435 కంపనాలు వాడేవాళ్లు. 440ని అంతర్జాతీయ ప్రమాణంగా రాసుకున్నది 1955లో. పాత పుస్తకంలో అంకెలు చూసి పిల్లలు 440 ట్యూనింగ్ ఫోర్కుతో పోల్చుకుంటే తల తిరుగుతుంది. పైగా దానిలో ట్యూనింగ్ అంతా ఐదో స్వరాలూ (పంచమాలు) ఆక్టేవుల (షడ్జం నుంచి పై షడ్జం) దారిలో పోతుంది, ఇప్పుడు మేము నేర్చుకునేది ఎక్కువగా మూడో స్వరాల (గాంధారాల) బీట్లతో, అంటే రెండు స్వరాలు కలిసి కొట్టుకునే మోతతో, సరిచూసుకునే పద్ధతి.

గాంధారం (విజయవాడ)
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి, నేను వయొలిన్ నేర్పుతాను, పియానో మీద చెయ్యి పెట్టింది తక్కువ. ఈ మూడో స్వరాల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా స్టూడెంటు ఒకడు పియానో ట్యూనింగ్ నేర్చుకోవడానికి వెళ్లి వారంలో తిరిగొచ్చేశాడు. "మాస్టారూ, ఆయన అంతర గాంధారం తప్పు పెట్టమంటున్నారు, అపస్వరం పెట్టి ఇదే కరెక్టు అంటున్నారు" అని. వాడి చెవి గట్టిది, తంబూరా దగ్గర పెరిగిన చెవి. ఏ పుస్తకమైనా ఇది ముందే చెప్తుందా?

విశాఖ_తంత్రి
గాంధారం గారూ, మీ వాడు చెప్పింది అక్షరాలా నిజం, ఆయన పెట్టించిందీ నిజమే. పుస్తకాలన్నీ చెప్తాయి, కానీ తంబూరా చెవి ఉన్నవాడికి చెప్పే తీరులో కాదు. నేను ఇలా చెప్తాను.

తంబూరాలో మంద్ర షడ్జం మీటితే దానంతటదే వినిపించే గాంధారం ఉంది కదా, అది షడ్జానికి 386 సెంట్ల పైన ఉంటుంది (అర స్వరంలో వందో వంతు ఒక సెంటు). ఇప్పుడు ఆ స్వచ్ఛమైన గాంధారాన్నే మెట్టు మెట్టుకీ పేర్చండి. సి నుంచి ఇ, ఇ నుంచి జి షార్ప్, అక్కణ్ణించి పై సి. మూడు గాంధారాలకి పై షడ్జం రావాలి, 1200 సెంట్లు. రాదు. సుమారు 41 సెంట్లు తక్కువ పడుతుంది, అంటే వినేవాడికి పై షడ్జం బరువుగా కిందికి వేలాడుతుంది. పాడేవాడు, వయొలిన్ వాయించేవాడు ఒకే షడ్జం పట్టుకుని కూర్చుంటాడు కాబట్టి ఆ 41 ఎప్పుడూ ఎదురుపడదు. పియానోకి ఏ మెట్టైనా షడ్జం కావచ్చు. అందుకని ఆ లోటుని మూడు గాంధారాలకీ సమానంగా పంచి, ఒక్కోదాన్ని 14 సెంట్లు పైకి జరుపుతారు. పంచమం మాత్రం 2 సెంట్లే తగ్గుతుంది, అది మీవాడికి తెలియను కూడా తెలియదు.

ఇది చెప్పాక 'ఎఫ్', 'ఏ' స్వరాలు రెండూ కలిపి వాయించి చూపిస్తా. మధ్య సి కింది ఎఫ్ 174.6, దాని పై ఏ 220. ఎఫ్‌కి ఐదో రెట్టు 873, ఏకి నాలుగో రెట్టు 880. రెండూ దాదాపు ఒకే చోట పడి కొట్టుకుంటాయి, సెకనుకి ఏడుసార్లు, వావావావా అని. ఆ ఏడుని లెక్కపెట్టగలిగితే ట్యూనరు పుట్టినట్టే. కర్ణాటక చెవి ఉన్నవాడు ఆ వావాని అందరికన్నా ముందు వింటాడు, విని చెరిపెయ్యాలని చూస్తాడు. చెరపకు నాయనా, లెక్కపెట్టు అని చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది ఒకడితో.

గాంధారం (విజయవాడ)
నలభై ఏళ్ల సర్వీసులో ఈ 41 ముచ్చట నాకెవరూ ఇంత చక్కగా చెప్పలేదమ్మా. వాణ్ణి మళ్లీ పంపిస్తా.

కొత్తచెవి
ఫోన్లో యాప్ పెట్టుకుంటే సరిపోదా? సూది మధ్యలోకి వచ్చేదాకా తిప్పడమే కదా.

డల్లాస్_రావు
గిటార్ యాప్ అయితే సరిపోదు. పియానో తీగ లావు, గట్టిది, దాని పై రెట్లు లెక్క ప్రకారం ఉండాల్సిన చోటుకన్నా కాస్త పైకి పోతాయి, కాబట్టి పై ఆక్టేవుల్ని కొంచెం సాగదీసి, కింది వాటిని కొంచెం దించి పెట్టాలి. ఇది ఒక్కో పియానోకి ఒక్కోలా ఉంటుంది. పియానో కోసమే చేసినవి ఉన్నాయి. జర్మనీలో వ్యూర్‌త్స్‌బుర్గ్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఎంట్రపీ పియానో ట్యూనర్ అయితే ఉచితం కూడా. కానీ సూది మధ్యలోకి తేవడం సగం పని కూడా కాదు తమ్ముడూ, తీగ చుట్టిన పిన్ను అక్కడ నిలబడాలి. లివరు తిప్పితే పిన్ను ముందు మెలితిరుగుతుంది, తర్వాత గానీ చెక్కలో కదలదు. చెయ్యి తీసేయగానే వెనక్కి వస్తుంది. ఆ చేతి పని ఏ పుస్తకంలో చదివినా రాదు, నాకు రెండేళ్లయినా పూర్తిగా రాలేదు, పరీక్షలో భయం కూడా దాని గురించే.

పాత_ఫెల్ట్ (చెన్నై)
తమ్ముడూ కాదు, అమ్మాయి అనుకుంటా. పైన తంత్రి గారు "అమ్మా" అన్నారు.

కొత్తచెవి
అమ్మాయినే 😄

డల్లాస్_రావు
సారీ చెల్లెమ్మా.
శీను గారూ, ఒక సలహా ఇచ్చి ఊరుకుంటా, ఇది నా సొంత వీపు మీద దెబ్బ. పుస్తకం ఏదైనా సరే, గ్రాండ్ (పడుకోబెట్టినట్టుండే పెద్ద) పియానో యాక్షన్, అంటే మెట్లూ సుత్తులూ ఉన్న యంత్రం, బయటికి లాగే పేజీ మీరు పిల్లలకి గట్టిగా చదివి వినిపించండి. నేను మొదటి ఏడాది ఒక హాల్లో గ్రాండ్ మీద పని చేస్తున్నా. ముందు పలక తీశా, పక్క దిమ్మలు తీశా, యాక్షన్ మొత్తం ఒళ్లోకి లాక్కుంటున్నా. బొటనవేలు ఒక మెట్టు మీద పడింది. అంతే. ఆ మెట్టు సుత్తి పైకి లేచింది, పైన తీగల పిన్నులు దిగ్గొట్టిన పిన్‌బ్లాక్ దుంగ ఉంది కదా, దాని అంచుకి తగిలి టప్పున కాడ విరిగింది. అగ్గిపుల్ల విరిగినట్టు చిన్న శబ్దం, నాకు మాత్రం ఇప్పటికీ వినపడుతుంది. చదివాను ఆ హెచ్చరిక, పరీక్షలో రాశాను కూడా. చేతికి తెలియలేదు.

విశాఖ_తంత్రి
మొదటి సుత్తి విరగనివాడు ఇంకా పనిలోకి రానట్టే లెండి.

అప్‌రైట్‌లో దానికి సమానమైనది పట్టీలు, శీను గారూ. యాక్షన్ ముందుకి వంచి పైకెత్తేటప్పుడు ఆ చిన్న బట్ట పట్టీలు కింది భాగాలు జారిపడకుండా పట్టుకుంటాయి. పాతవాటిలో అవి ముట్టుకుంటే పొడి అయిపోతాయి. పిల్లలకి 88 పట్టీలు మార్చే పని ఇవ్వండి, విసుగొచ్చినా సరే. 88సార్లు ఒకే పని చేసేసరికి యాక్షన్ మొత్తం కళ్లు మూసుకుని బొమ్మ గీస్తారు.

తీగల_శీను
కళ్లు మూసుకుని అంటే గుర్తొచ్చింది. ఆ చూద్దామని వచ్చిన ఇద్దరిలో ఒకడికి చూపు బాగా తక్కువ. పుస్తకం అంటే వాడు వెనక్కి జరిగి కూర్చుంటాడు. వాణ్ణేం చెయ్యాలో అర్థం కావట్లేదు.

పాత_ఫెల్ట్ (చెన్నై)
వాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టండి. ఈ వృత్తిలో చూపులేనివాళ్ల చరిత్ర పెద్దది. పారిస్‌లో క్లోద్ మోంతాల్ అని పూర్తిగా అంధుడు, అంధుల సంస్థలో చదివి అక్కడే ట్యూనింగ్ నేర్పాడు, 1836లో ఎవరి పియానో వాళ్లే ట్యూన్ చేసుకోవడం ఎలా అని పుస్తకం రాశాడు. మీరు అడిగిన కొత్తవాళ్లకి పుస్తకం, అదీ చూపు లేని ఆయన రాసింది! తర్వాత ఐరోపాలో అంధ పాఠశాలల్లో ఈ పని నేర్పడం మామూలైపోయింది. మీ కుర్రాడికి ఒక మెట్టు యాక్షన్ విడిగా బిగించి చేతికివ్వండి, వేళ్లతో చూస్తాడు. మిగతావాళ్లలో ఒకరు పుస్తకం బయటికి చదవాలి, తెలుగులో చెప్తూ చదవాలి. అప్పుడు చదివేవాడికీ అర్థమవుతుంది.

గాంధారం (విజయవాడ)
తెలుగులో చెప్పాలంటే మాటలు ఉండాలి కదా? సౌండ్‌బోర్డుని ఏమంటారు మీ వాళ్లు?

తీగల_శీను
సౌండ్‌బోర్డే అంటాం సార్. సుత్తి, తీగ, మెట్టు, పిన్ను, పట్టీ, ఇవి తెలుగు. డ్యాంపర్, పెడల్, బ్రిడ్జి ఇంగ్లీషు. విప్పెన్‌ని (మెట్టు నొక్కితే పైకి లేచి సుత్తిని కదిలించే భాగాన్ని) మాత్రం మా గురువు "గుర్రం" అనేవాడు, ఎందుకో తెలియదు, నాకూ అదే అలవాటైంది. కొత్తగా మాటలు పుట్టించి పిల్లల్ని ఇబ్బంది పెట్టను, రేపు వాళ్లు సామాను ఆర్డరు పెట్టేటప్పుడు షాపువాడికి గుర్రం అంటే ఏం పంపుతాడు?

విశాఖ_తంత్రి
డబ్బు విషయానికొస్తే నా లెక్క ఇది. రెబ్లిట్జ్ ఒక్క కాపీ, హాల్లోనే ఉంచండి, ఇంటికి ఇవ్వద్దు. లారీ ఫైన్ రాసిన ది పియానో బుక్ అని ఇంకోటి ఉంది, 1987లో మొదట వచ్చింది. అది కొనుక్కునేవాళ్ల కోసం రాసింది. బ్రాండ్లూ ధరలూ మనకి పనికిరావు, పాతబడ్డాయి కూడా, కానీ పాత పియానో కొనేముందు ఏం చూడాలో చెప్పే భాగం మొదటి రోజు పాఠానికి బంగారం లాంటిది. పాత కాపీ దొరికితే తీసుకోండి, లేకపోతే వదిలెయ్యండి. మిగిలిన డబ్బుతో పుస్తకం కొనకండి, తేమ మీటరు కొనండి. హాల్లో గోడకి తగిలించి ప్రతి శనివారం పిల్లలతో అంకె రాయించండి. పుస్తకాల్లో 42 శాతం దగ్గర స్థిరంగా ఉంచమని ఉంటుంది. మా ఇంట్లో ఆగస్టులో 80 దాటుతుంది. పుస్తకానికీ మనకీ ఎంత దూరమో వాళ్లే చూస్తారు.

పాత_ఫెల్ట్ (చెన్నై)
కలరా ఉండలు కూడా ఒక పాకెట్టు. గుడ్డలో మూటకట్టి అడుగు పలక లోపల, పాలిష్‌కి తగలకుండా.

తీగల_శీను (మూడు వారాల తర్వాత)
అందరికీ అప్‌డేట్. పుస్తకం వచ్చింది, ఒక్కటే కొన్నా. తేమ మీటరు వచ్చింది. మొదటి శనివారం 61, రెండోది 58, నిన్న వాన పడితే 74. నిన్న వచ్చేసరికి కిందటి వారం బాగుచేసిన మెట్టు మళ్లీ ఇరుక్కుంది. మా ఏసీ మెకానిక్ మీటరు వంక చూసి, మెట్టు వంక చూసి, "అన్నా, ఇది మెట్టు రిపేరు కాదు, రూము రిపేరు" అన్నాడు. వాడికి నేను వేరే పాఠం చెప్పక్కర్లేదు అనిపించింది.

చూపు తక్కువున్న బాబు వేళ్లతో తడిమి, పట్టీ లేని చోటు మూడు కనిపెట్టాడు, నేను రెండే చూశాను. కీబోర్డు అమ్మాయి పుస్తకం చదివి చెప్తోంది, ఒక పేజీకి అరగంట పడుతోంది, పడనీ. పియానో మొత్తం దాదాపు అర స్వరం కిందికి ఉంది, నేరుగా 440కి లాగేద్దాం అంటున్నారు ఇంటర్ పిల్లలు. వద్దన్నా. 230 దాకా తీగలు, మొత్తం 18 టన్నుల లాగుడు, పాత తీగలు తెగుతాయి, మెల్లగా రెండు మూడు విడతల్లో పోదాం అన్నా.

ఒక్క సందేహం. విడిగా ఒక మెట్టు యాక్షన్ బిగించే చెక్క స్టాండు పెద్దాయన చెప్పారు కదా, దాని కొలతలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? వడ్రంగి సోమవారం వస్తానన్నాడు.

పాత_ఫెల్ట్ (చెన్నై)
నాది అటక మీద ఉంది. రేపు దింపించి కొలిచి పెడతా. పంజరం రకం కొలతలు కూడా కావాలా?

తీగల_శీను
రెండూ పెట్టండి పెద్దాయనా.

కొత్తచెవి
నాకూ కావాలి.